గోధుమ పడని కడుపు

కొందరు పిల్లలకు ఎంత తిన్నా ఒంట పట్టదు. పొట్ట ముందుకొస్తుంది. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉంటాయి. మాటిమాటికీ విరేచనాలు. కొందరు ఆడవాళ్ళకు ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా రక్తం పట్టదు. దిష్టి తగిలిందంటారు. తల్లి సరిగా చూడలేదంటారు. ఆ మాట చాలా అన్యాయం. ఇలాంటి వాళ్ళలో కొందరికి ఉన్నది సీలియాక్ జబ్బు. ఇది అంటుజబ్బు కాదు. తల్లి తప్పు అసలే కాదు.

మరి ఎందుకొస్తుంది?

గోధుమలో, బార్లీలో గ్లూటెన్ అనే పదార్థం ఉంటుంది. చపాతీ పిండి జిగురుగా సాగేది దానివల్లే. మనలో చాలామందికి అది ఏమీ చేయదు. ఈ జబ్బున్న వాళ్ళకు పడదు.

హాలెండ్ దేశంలో డికె అనే పిల్లల డాక్టరు ఉండేవాడు. ఆయనకు గోధుమ మీద ముందే అనుమానం. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ కరువొచ్చింది. రొట్టె దొరకలేదు. అందరూ చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు! మళ్ళీ గోధుమ రొట్టె రాగానే జబ్బు తిరగబెట్టింది.

మన రక్తంలో తెల్ల కణాలు ఉంటాయి. అవి ఒంటికి కాపలా కాస్తాయి. రోగక్రిములను చంపుతాయి. వాటిలో ఒక రకం టి కణాలు. ఈ జబ్బున్న వాళ్ళలో కొన్ని టి కణాలు గ్లూటెన్‌ను చూసి శత్రువు అనుకుంటాయి. మిగతా కణాలను కూడా రెచ్చగొడతాయి. ఆ పోట్లాటలో దెబ్బ సొంత పేగుకే తగులుతుంది. పేగు లోపల సన్నని వేళ్ళలాంటివి ఉంటాయి. తిన్నదాని సారం పీల్చేవి అవే. అవి అరిగి చదునైపోతాయి. ఇక తిన్నది ఒంట పట్టేదెలా?

టి కణాలు కోట్లకొద్దీ ఉంటాయి. తప్పు చేసేవి ఏవి? నార్వే దేశంలో, ఓస్లో నగరంలో శాస్త్రవేత్తలు వెదికారు. 1993లో రోగుల పేగులోనే వాటిని పట్టుకున్నారు. తర్వాత గ్లూటెన్ ముక్కతో మెరిసే ఎర ఒకటి తయారు చేశారు. చేపకు ఎర వేసినట్టే. తప్పు చేసే కణాలే దానికి తగులుకుంటాయి. రక్తంలో అవి పది లక్షల్లో ఏ కొన్నో!

2019లో వీళ్ళూ, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వాళ్ళూ కలిసి ఆ కణాల మీది గుర్తులు చూశారు. అవే గుర్తులున్న కణాలు లూపస్ రోగుల రక్తంలోనూ కనిపించాయి. లూపస్ అంటే కీళ్ళను, మూత్రపిండాలను పాడుచేసే జబ్బు. ఎక్కువగా ఆడవాళ్ళకే వస్తుంది. ఇప్పుడు వాడే మందులు చాలావరకు మంచి కాపలాను కూడా తగ్గిస్తాయి. తప్పు చేసే కణాలను గుర్తుపడితే, వాటినే అణిచే మందు వెదకవచ్చు. ఆ పని ఇంకా సాగుతోంది.

సీలియాక్‌కు ఇప్పటికి తిండే మందు. చపాతీ, పూరీ, బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా బిస్కెట్లు జీవితాంతం మానాలి. డబ్బా ఇంగువలో కూడా గోధుమ పిండి కలుపుతుంటారు. ఈ సంగతి చాలామందికి తెలియదు. వరి, జొన్న, రాగి, సజ్జ, కొర్ర నిక్షేపంగా తినవచ్చు. బియ్యం తినే మన వైపు ఈ జబ్బు తక్కువే. ఉత్తరాదిన ఎక్కువ.

అనుమానం ఉంటే డాక్టరుకు చూపించండి. రక్త పరీక్ష చేస్తారు. పరీక్షకు ముందే గోధుమ మానకండి. మానేస్తే జబ్బున్నా పరీక్షలో తెలియకపోవచ్చు.