పాడైన డిస్కు స్థానంలో కొత్తది: రెయిడ్ పునర్నిర్మాణం ఎలా జరుగుతుంది?

హార్డ్‌డిస్కు ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. దానితో పాటు సమాచారం కూడా పోకుండా చూసే పద్ధతుల్లో రెయిడ్ ఒకటి. 1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కట్జ్ తమ పరిశోధన పత్రంలో దీనిని వివరించారు. ఖరీదైన ఒక పెద్ద డిస్కుకు బదులు చవకైన కొన్ని డిస్కులను జట్టుగా వాడటం దీని సారాంశం. లినక్స్‌లో ఇందుకు ప్రత్యేక పరికరం అక్కర్లేదు. కెర్నెల్‌లోని సాఫ్ట్‌వేరే ఈ పని చేస్తుంది.

పోయిన సమాచారం తిరిగి ఎలా వస్తుంది? నాలుగు డిస్కుల రెయిడ్-5 జట్టును తీసుకుందాం. మూడు డిస్కుల్లో ఒకేచోట 1, 0, 1 ఉన్నాయనుకుందాం. మొత్తం ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా నాలుగో డిస్కులో 0 రాస్తారు. దీనిని పారిటీ అంటారు. మొదటి డిస్కు పాడైతే మిగిలేవి 0, 1, 0. ఒకట్ల సంఖ్య బేసి కాబట్టి, పోయిన అంకె 1 అని తేలుతుంది. పారిటీ మొత్తం ఒకే డిస్కులో ఉండదు. అన్నింటిలోనూ పంచి ఉంటుంది.

డిస్కు మార్చేటప్పుడు మొదట సీరియల్ నంబరు చూసి, పాడైనది ఏదో నిర్ధారించుకోవాలి. పొరపాటున మంచి డిస్కును తీస్తే జట్టు పనిచేయడం ఆగిపోతుంది. తరువాత ఎండీఆడమ్ అనే సాధనంతో దానిని పాడైనదిగా గుర్తించి, జట్టు నుంచి తొలగించాలి. కనీసం అంతే సామర్థ్యం గల కొత్త డిస్కును అమర్చి, విభాగాలు చేసి, జట్టులో చేర్చాలి. అప్పుడు పునర్నిర్మాణం దానంతటదే మొదలవుతుంది. ఎంత శాతం పూర్తయిందో ఎండీస్టాట్ అనే ఫైలులో చూడవచ్చు.

అసలు ప్రమాదం ఈ దశలోనే ఉంది. 4 టెరాబైట్ల డిస్కును సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో నింపినా ఏడు గంటలకు పైగా పడుతుంది. అంతసేపూ మిగిలిన మూడు డిస్కులను మొదటి నుంచి చివరి వరకు చదవాలి. ఈలోగా మరొకటి పాడైతే రెయిడ్-5 కాపాడలేదు. ఏళ్ల తరబడి ఎవరూ చదవని భాగంలో లోపం ఉంటే, అది కూడా అప్పుడే బయటపడుతుంది. అందుకే జట్టు మొత్తాన్ని నెలకోసారి చదివించి పరీక్షించడం మంచిది. రెయిడ్-6 అయితే రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది.

అయినా రెయిడ్ బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాదు. పొరపాటున ఒక ఫైలును చెరిపేస్తే, ఆ మార్పు అన్ని డిస్కుల్లోనూ వెంటనే నమోదవుతుంది. పునర్నిర్మాణం మొదలుపెట్టే ముందే ముఖ్యమైన సమాచారానికి వేరొకచోట ప్రతి ఉందో లేదో చూసుకోవాలి.