భయం చెప్పే మాట

చీకటి పడిన తరువాత పొలానికి నీరు పెట్టడానికి బయలుదేరే రైతును గమనించండి. ఒక చేతిలో టార్చిలైటు, మరొక చేతిలో కర్ర ఉంటాయి. గట్టు మీద అడుగు వేసే ముందు కర్రతో నేలను తట్టుతాడు. మోటారు పెట్టె తలుపు తీసి, లోపల చేయి పెట్టకముందే వెలుగు వేసి చూస్తాడు. ఆ గట్ల మీద నాగుపాము, కట్లపాము, రక్తపింజర తిరుగుతాయని ఆయనకు తెలుసు. ఆయనను పిరికివాడని ఊరిలో ఎవరూ అనరు. భయం ఆయనను పొలానికి వెళ్లకుండా ఆపలేదు. ఎలా వెళ్లాలో నేర్పింది.

ఇటువంటి భయాన్నే ఆరోగ్యకరమైన భయం అంటారు. లోకంలో భయానికి మంచిపేరు లేదు. పసితనం నుండి పిల్లలు వినే మాట 'భయపడకు' అన్నదే. పిరికితనాన్నీ భయాన్నీ ఒకే గాట కట్టడం వల్ల ఈ అపకీర్తి వచ్చింది. పిరికితనం ఒక స్వభావం. భయం ఒక సమాచారం. అది ఒక కారణాన్ని చూపుతుంది, ఒక పని చేయమంటుంది, ఆ పని జరగగానే తొలగిపోతుంది. కారణం లేకుండా రోజుల తరబడి మనస్సును తొలిచే దిగులు వేరు. దానికి కావలసింది చికిత్స, ఓదార్పు. ఈ రెంటి మధ్య భేదం తెలియనివారు అవసరమైన భయాన్ని అణచివేసి, అనవసరమైన దిగులును పెంచుకుంటారు.

మన ఆలంకారికులు ఈ భేదాన్ని చాలా సూక్ష్మంగా గుర్తించారు. భరతుని నాట్యశాస్త్రంలో భయం ఎనిమిది స్థాయిభావాలలో ఒకటి. అది భయానక రసానికి మూలం. శంక, త్రాసం అనేవి వేరుగా ముప్పైమూడు వ్యభిచారిభావాలలో చేరాయి. ఏదో కీడు జరగబోతోందన్న అనుమానం శంక. పిడుగు పడినప్పుడు కలిగే ఉలికిపాటు వంటిది త్రాసం. ఎదుట ఉన్న ఆపదను గుర్తించిన మనస్సు స్థితి భయం. సామాన్య వ్యవహారంలో ఈ మూడింటికీ ఒకే మాట వాడుతున్నాం. మాట ఒకటే కావడంతో వస్తువూ ఒకటేనని భ్రమపడుతున్నాం.

భయానికి శరీరంలో కనిపించే లక్షణాలను కూడా ప్రాచీనులు వర్ణించారు. చేతులు కాళ్లు వణకడం, నోరు ఎండిపోవడం, రోమాంచం, గొంతు మారడం వాటిలో కొన్ని. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథంలో ఇటువంటి లక్షణాలకు శరీరశాస్త్ర కారణాలను వివరించాడు. ఆపద ఎదురైనప్పుడు అడ్రినలిన్ అనే స్రావం రక్తంలో కలుస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. జీర్ణక్రియ మందగిస్తుంది, నోరు ఎండిపోతుంది. నిల్వ ఉన్న చక్కెర రక్తంలోకి వస్తుంది. కండరాలకు రక్తం ఎక్కువగా చేరుతుంది. పోరాడడానికో పారిపోవడానికో శరీరం సిద్ధమవుతుందన్నమాట. కాళ్లు వణుకుతున్నవాడు బలహీనుడు కాడు. ఆ క్షణంలో అతని శరీరం తన బలాన్నంతటినీ కూడగట్టుకుంటున్నది.

పోరాటం, పలాయనం కాక మూడవ స్థితి కూడా ఉంది. దానిని ఆలంకారికులు స్తంభం అన్నారు. సాత్త్విక భావాలలో దానిని మొదట లెక్కించారు. మనిషి కొయ్యబారిపోతాడు. అరవాలనుకున్నా గొంతు పెగలదు. దాడికి గురైనవారిని తరువాత 'నీవెందుకు అరవలేదు? ఎందుకు పరుగెత్తలేదు?' అని ప్రశ్నించడం తరచుగా వింటుంటాం. ఇది అజ్ఞానంతో కూడిన ప్రశ్న. స్తంభించడం అంగీకారం కాదు, అలసత్వమూ కాదు. వేల సంవత్సరాల క్రితం రంగస్థలం మీద నటుడు అభినయించి చూపిన శరీరధర్మాన్ని నేటి పెద్దమనుషులు గుర్తించకపోవడం విచారకరం.

భయమే లేని మనిషి ఎలా ఉంటాడు? ఇది కథకులు ఊహించుకోవలసిన విషయం కాదు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో శాస్త్రజ్ఞులు అటువంటి ఒక స్త్రీని అనేక సంవత్సరాలు పరిశీలించారు. శాస్త్రవ్యాసాలలో ఆమె పేరు ఉండదు. రెండు అక్షరాల సంకేతం మాత్రమే ఉంటుంది. మెదడులో రెండు వైపులా బాదంపప్పు ఆకారంలో అమిగ్డలా అనే భాగం ఉంటుంది. బయటి ప్రమాదాలను గుర్తించి భయాన్ని రేకెత్తించడంలో దానిది ముఖ్యపాత్ర. అరుదైన ఒక వంశపారంపర్య వ్యాధి వల్ల ఆమెకు ఆ భాగాలు రెండూ నశించాయి. తెలివితేటలలో లోపం లేదు. సంతోషం, దుఃఖం, కోపం అన్నీ ఉన్నాయి. భయం మాత్రం లేదు. ఇతరుల ముఖంలో భయాన్ని గుర్తించడం కూడా ఆమెకు కష్టమని 1994లో వెలువడిన వ్యాసం తెలిపింది.

పరిశోధకులు ఆమెను పాములు అమ్మే దుకాణానికి తీసుకువెళ్లారు. పాములంటే తనకు అసహ్యమని ఆమె అంతకుముందే చెప్పింది. అయినా అక్కడ ఒక పామును చేతిలోకి తీసుకుని ఆసక్తిగా నిమిరింది; తాకవద్దని వారించినా ఇంకా ప్రమాదకరమైన వాటిని తాకనిమ్మని పదేపదే అడిగింది. ఇంతవరకు ఇది వినోదంగానే తోస్తుంది. ఆమె జీవితంలో జరిగిన మరొక సంఘటన అటువంటిది కాదు. ఒకనాటి రాత్రి ఆమె ఒంటరిగా ఒక ఉద్యానవనం పక్కగా నడిచి వెళుతున్నది. బల్ల మీద కూర్చున్న అపరిచితుడు ఒకడు ఆమెను దగ్గరకు పిలిచాడు. ఆమె వెళ్లింది. అతడు ఆమెను లాగి గొంతు మీద కత్తి పెట్టాడు. ఆమె కంగారు పడలేదు, నిబ్బరంగా మాట్లాడింది. అతడు వదిలిపెట్టాడు. ఆమె పరుగెత్తకుండా మామూలుగా నడిచి ఇంటికి చేరింది. మరునాడు మళ్లీ అదే దారిన నడిచింది!

కత్తి ఎదుట ఆమె చూపిన నిబ్బరాన్ని మెచ్చుకోవాలనిపిస్తుంది. కాని అంతకు ముందు జరిగినదేమిటి? చీకటిలో అపరిచితుడు పిలిస్తే ఆమె దగ్గరకు వెళ్లింది. ఆ పిలుపు వినగానే మరొకరైతే ఒక అడుగు వెనక్కు వేసేవారు. ఆ ఒక్క అడుగును వేయించేది భయమే. ఎదుటి మనిషికి ఎంత దూరంలో నిలబడాలన్న స్పృహ కూడా ఆమెకు తక్కువ. ఇతరులు నిలబడే దూరంలో దాదాపు సగం దూరంలోనే ఆమె నిలబడుతుందని శాస్త్రజ్ఞులు కొలిచి చూశారు. ఆమె అనేక పర్యాయాలు ప్రాణాపాయ స్థితులలో చిక్కుకున్నది. భయం లేకపోవడం ఆమెను ధైర్యవంతురాలిని చేయలేదు, కావలి లేని ఇంటిని చేసింది. అయితే ఒక విశేషం ఉంది. 2013లో ప్రకటించిన ఒక పరీక్షలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా కలిసిన గాలిని పీల్చినప్పుడు ఆమె తీవ్రంగా భయపడింది. ఊపిరాడని స్థితి శరీరం లోపలి నుండి పుట్టే ప్రమాదం. దానిని పసికట్టే మార్గం వేరుగా ఉందన్నమాట.

మనలో చాలామందికి ఆ మెదడు భాగం చక్కగానే పనిచేస్తుంది. అయినా దాని మాటను వినం. అందుకు కారణాలను వెదకడానికి అయోవా వరకు వెళ్లనక్కరలేదు. చిన్నయసూరి నీతిచంద్రిక చాలు. 1853లో వెలువడిన ఆ గ్రంథంలోని మిత్రలాభంలో పావురాల రాజు చిత్రగ్రీవుడు అడవిలో చల్లి ఉన్న నూకలను చూస్తాడు. మనుష్యసంచారం లేనిచోట నూకలెక్కడి నుండి వచ్చాయన్న శంక అతనికి కలుగుతుంది. తోటి పక్షులను హెచ్చరిస్తూ బంగారు కడియం చూపి బాటసారిని పిలిచిన ముసలిపులి కథ చెబుతాడు. ఆ బాటసారి కూడా మొదట భయపడ్డాడు. పులి చూపిన ముసలితనానికీ, చెప్పిన ధర్మపన్నాలకూ లోబడి బురదలో దిగాడు. బంగారం మీది ఆశ భయం నోరు నొక్కింది. చిత్రగ్రీవుని హితవు విన్నాక కూడా ఒక పావురం, ఇలా అన్నింటినీ శంకిస్తూ కూర్చుంటే ఆహారమే దొరకదని ఎత్తిపొడుస్తుంది. గుంపు ఆ మాటకే లోబడింది. వల పడింది.

మనిషి తన భయాన్ని తానే అణచివేసుకోవడానికి ఆశ ఒక కారణం. నలుగురిలో నవ్వులపాలవుతామన్న సంకోచం మరొక కారణం. తెలుగువారికి ప్రత్యేకించి మూడవది ఒకటి ఉంది. అది మొహమాటం. పరిచయస్థుడు అకాలంలో ఇంటికి దిగబెడతానంటాడు. వద్దని అనడానికి నోరు రాదు. బంధువు ప్రవర్తన ఇబ్బందిగా ఉంటుంది. పెద్దవాడు కదా అని సహిస్తారు. మర్యాద మంచి గుణమే. కాని ఒకసారి 'వద్దు' అన్న తరువాత కూడా బలవంతం చేసేవాడు తానే మర్యాదను దాటాడు. అతనికి మర్యాద బాకీ లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆరోగ్యకరమైన భయం మనిషి వేషాన్నో, భాషనో, కులాన్నో, మతాన్నో చూసి పుట్టేది కాదు. అలా పుట్టేది దురభిప్రాయం. అపరిచితులందరూ ప్రమాదకరమనీ, తెలిసినవారందరూ క్షేమమనీ అనుకోవడం కూడా పొరపాటే. అత్యాచార నేరాలలో నిందితులు అత్యధికభాగం బాధితులకు తెలిసినవారేనని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు తెలుపుతున్నాయి. కాబట్టి చూడవలసింది పరిచయాన్ని కాదు, ప్రవర్తనను. దారికి అడ్డుగా నిలబడడం, ఒంటరిగా ఉండే చోటికి రమ్మనడం, ఇంట్లో ఎవరికీ చెప్పవద్దనడం ప్రమాదసూచనలు.

చట్టం కూడా ఈ భయాన్ని గౌరవించింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో ఉన్న ఆత్మరక్షణ హక్కు, 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు గల సెక్షన్లలో చోటు చేసుకున్నది. వాటిలో 40వ సెక్షను ప్రత్యేకంగా గమనింపదగినది. దాడి జరిగేదాకా ఆగనక్కరలేదు. ప్రయత్నం వల్లగాని బెదిరింపు వల్లగాని శరీరానికి అపాయం కలుగుతుందన్న సహేతుకమైన భయం కలగగానే హక్కు ఆరంభమవుతుంది. ఆ భయం ఉన్నంతవరకే హక్కు ఉంటుంది. దుండగుడు పారిపోతుంటే వెంటపడి కొట్టడం ఆత్మరక్షణ కాదు, ప్రతీకారం. అవసరానికి మించిన హాని చేయరాదని, ప్రభుత్వాధికారుల రక్షణ కోరే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లేదని 37వ సెక్షను హద్దులు గీసింది. అందుకే 112 సంఖ్యకు ఫోను చేయడం ఆత్మరక్షణలో మొదటి మెట్లలో ఒకటి.

భయాన్ని గుర్తించి కూడా దానిని బయటపెట్టకుండా పని చక్కబెట్టుకోవడానికి గొప్ప ఉదాహరణ లక్కయింటి కథ. వారణావతంలో తమకు కట్టించిన ఇంటిలో నేయి, లక్క వాసన ధర్మరాజు ముక్కుకు సోకింది. విదురుడు గూఢమైన మాటలలో చేసిన హెచ్చరిక గుర్తుకు వచ్చింది. వెంటనే వెళ్లిపోదామన్నాడు భీముడు. తాము కనిపెట్టిన సంగతి తెలిస్తే పురోచనుడు వెంటనే నిప్పు పెడతాడని, బయటపడినా దుర్యోధనుని చేతిలో ధనం, బలం ఉన్నాయని ధర్మరాజు ఆలోచించాడు. ఏమీ ఎరుగనివారివలె నటిస్తూ లోపల సొరంగం తవ్వించాడు. అన్నాళ్లూ వారు భయంతోనే జీవించారు. ఆ భయమే వారిని ఏమరుపాటు లేకుండా కాపాడింది.

అయితే భయాన్ని గుర్తించిన ప్రతివారికీ సొరంగం తవ్వుకునే అవకాశం ఉండదు. తిక్కన తెనిగించిన విరాటపర్వంలో ద్రౌపది స్థితి అటువంటిది. కీచకుని ఇంటికి వెళ్లి మద్యం తెమ్మని సుధేష్ణ ఆజ్ఞాపించినప్పుడు ఆమె తన భయాన్ని దాచుకోలేదు. తనను పంపవద్దని, మరొక దాసిని పంపమని వేడుకున్నది. రాణి ఆ మాటను లెక్కచేయలేదు. అధికారం కలవారు బలహీనుల భయాన్ని తేలికగా తీసుకోవడం ఆనాటి విషయం మాత్రమే కాదు. కార్యాలయాలలో, ఇళ్లలో ఇప్పటికీ కనిపించేదే. ద్రౌపది భయం అక్షరాలా నిజమైంది. కీచకుడు చేయి పట్టుకున్నాడు. ఆమె అతనిని తోసివేసి పరుగెత్తింది. ఎక్కడికి? ఏకాంత ప్రదేశానికి కాదు, నలుగురు ఉండే రాజసభకు. నేటి ఆత్మరక్షణ శిక్షకులు చెప్పేదీ అదే. కాని ఆ సభలో కీచకుడు ఆమెను తన్నినా రాజు అతనిని దండించలేదు.

ఆమె అక్కడితో ఆగలేదు. ఎవరికి చెబితే ప్రయోజనం ఉంటుందో ఆలోచించుకున్నది. ఆ రాత్రి అందరూ నిద్రించాక, వలలుడనే పేరుతో వంటవానిగా ఉన్న భీముణ్ణి వెదుక్కుంటూ వంటశాలకు వెళ్లి అతనిని నిద్రలేపింది.