ఎముకల్లో ఆహార చరిత్ర: బిట్లకు ముఖ్యాంశాలు

బయోఆర్కియాలజీ: తవ్వకాల్లో దొరికిన మానవ అవశేషాల ద్వారా నాటి తిండిని, ఆరోగ్యాన్ని తెలుసుకునే శాస్త్రం.

కార్బన్-13: ఎముకలోని కొల్లాజెన్‌లో కొలుస్తారు. తిన్న పంటలు సి3వా, సి4వా అన్నది దీనితో తెలుస్తుంది. వరి, గోధుమ, బార్లీ సి3 మొక్కలు. రాగి, జొన్న, సజ్జ, మొక్కజొన్న సి4. కోరాపుట్ జిల్లా దామంజోడి అభ్యర్థులకు ఇది తేలిక: పల్లంలో వరి సి3, మెట్టలో చోడి (రాగి) సి4. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయానికి ఎఫ్ఏఓ వారసత్వ గుర్తింపు 2012లో. 2012ను మర్చిపోవద్దు.

నైట్రోజన్-15: తిండిలోని మాంసకృత్తులు ఎక్కడివో తెలుపుతుంది.

పంటి ఎనామిల్‌పై గీతలు: బాల్యంలో పోషకాహార లోపం లేదా జబ్బు.

రూప్‌కుండ్ (చమోలీ జిల్లా, ఉత్తరాఖండ్): ఇక్కడి సరస్సు వద్ద దొరికిన అస్థిపంజరాలపై 2019 పరిశోధన, హైదరాబాద్ సీసీఎంబీ భాగస్వామ్యం. డీఎన్ఏ ఫలితాలు 38 మందివి: దక్షిణాసియా 23, తూర్పు మధ్యధరా 14, ఆగ్నేయాసియా 1. మధ్యధరా వర్గం తిండి ప్రధానంగా సి3. జతపరిచే ప్రశ్నకు అనువైన అంశం.

బాలాథల్ (ఉదయపూర్ జిల్లా, రాజస్థాన్): సుమారు క్రీ.పూ. 2000 నాటి అస్థిపంజరంలో కుష్ఠు ఆనవాళ్లు. పరిశోధన ప్రచురణ 2009.