దాహమునకు జాతి లేదు

మనుజుడు ఆరోగ్యముతో నున్నంతకాలము తాను ఇతరులకంటె వేఱని తలచుచుండును. జ్వరపడి మంచమెక్కిన నాడు గ్రుక్కెడు నీటికై పరుల చేతివైపు చూచును. అప్పుడు ధనికునకును దరిద్రునకును భేదము కానరాదు. ఈ సత్యమును 1859వ సంవత్సరమున ఒక వర్తకుడు కన్నులార గాంచెను. ఆయన పేరు హెన్రీ డ్యూనాంట్.

డ్యూనాంట్ 1828వ సంవత్సరము మే 8వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి జెనీవా నగరమున జన్మించెను. ఆల్జీరియాలోని తన వ్యాపారమును గూర్చి ఫ్రెంచి చక్రవర్తియగు మూడవ నెపోలియనుకు విన్నవించుకొనగోరి ఆయన ఉత్తర ఇటలీకి పోయెను. అదే సమయమున, 1859 జూన్ 24వ తేదీన, సోల్ఫెరినో గ్రామము చెంత ఫ్రెంచి, సార్డీనియా సేనలకును ఆస్ట్రియా సేనలకును ఘోరయుద్ధము జరిగెను. ఆ ఒక్క దినమున దాదాపు 40,000 మంది హతులో, క్షతగాత్రులో అయిరి.

గాయపడినవారిని వేలకొలదిగా సమీపమునగల కాస్టిగ్లియోనె పట్టణమునకు చేర్చిరి. చర్చీలును ఇండ్లును వారితో నిండిపోయెను. వైద్యులు మిక్కిలి కొలదిమంది. నిన్న ఒకరినొకరు చంపజూచినవారు నేడు ఒకే నేలమీద ప్రక్కప్రక్కన పడియుండిరి. వారి భాషలు వేఱు, జెండాలు వేఱు. గాయముల బాధ ఒక్కటే, దాహమొక్కటే.

డ్యూనాంట్ వైద్యము నేర్చినవాడు కాడు. అయినను చూచి తొలగిపోజాలక అచ్చటనే నిలిచెను. ఊరి స్త్రీలను కూడగట్టి గాయములు కడిగించెను. బాలురచేత బొక్కెనలతో నీరు తెప్పించెను. తన బండివానిని బ్రెషియా నగరమునకు పంపి నిమ్మపండ్లు, చక్కెర, చొక్కాలు, కట్లగుడ్డలు కొనిరమ్మనెను. ఆయన శత్రుమిత్రభేదము పాటింపకుండుట చూచి ఆ స్త్రీలును అట్లే సేవచేసిరి. అందఱును సోదరులే యని వారు పలుమాఱు లనుచుండిరి.

ఈ అనుభవమును డ్యూనాంట్ 1862వ సంవత్సరమున గ్రంథముగా వ్రాసి ప్రకటించెను. క్షతగాత్రుల సేవకై ప్రతిదేశమునను శాంతికాలముననే స్వచ్ఛంద సేవకులను సిద్ధపఱుపవలెనని అందు కోరెను. 1863లో జెనీవాలో ఐదుగురు సభ్యుల సంఘమేర్పడెను. మఱుసటి యేట 12 రాజ్యములు ఒడంబడిక చేసికొని, గాయపడిన సైనికునకు ఏ పక్షమువాడైనను చికిత్స చేయుటకు అంగీకరించెను. తెల్లని గుడ్డపై ఎఱ్ఱని శిలువ ఆ సేవకు చిహ్నమయ్యెను. మనదేశమున రెడ్‌క్రాస్ సంఘము 1920లో స్థాపింపబడెను.

ఇంత మేలుచేసిన డ్యూనాంట్ 1867లో వ్యాపారమున సర్వము గోల్పోయెను. పెక్కుసంవత్సరములు పేదఱికమున అజ్ఞాతముగా బ్రదికెను. 1892 మొదలు 1910లో మరణించువఱకు హైడెన్ గ్రామమునందలి ఆసుపత్రిలో పరుల సేవనే ఆశ్రయించెను. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమానము ఆయనకును ఫ్రెడెరిక్ పాసీకిని లభించెను.

ఒకనాడు వేలమందికి నీరందింపజేసిన చేయి మఱొకనాడు ఇతరుల సాయమునకై చాపవలసివచ్చెను. ఎవని బలమును శాశ్వతము కాదు. ఎదుటివాని బాధలో రేపటి తన స్థితిని చూడగలవానికి దయ ఒకరు నేర్పవలసిన పనిలేదు.