తేలికపాటి ఆహారం అంటే పస్తు కాదు – జలుబు, ఫ్లూ రోజుల్లో కోడి సూపు

ఈ సంచికలో ఆరోగ్య పాఠంగా కోడి సూపు గురించి వ్రాస్తున్నాము. ఇది వంటల శీర్షిక కదా, సిస్టర్లకేం పని అనుకోవద్దు. ఈ పాఠం వ్రాయడానికి మా పొరపాటే కారణం.

ఆ మధ్య ఒక వానాకాలంలో, అరవై ఎనిమిదేళ్ళ పెద్దావిడను కోడలు మా ఓ.పి.కి తీసుకువచ్చింది. జలుబు, దగ్గు, ఒళ్ళునొప్పులు, జ్వరం. పదేళ్ళుగా షుగరు బిళ్ళలు వాడుతున్నారు. డాక్టరుగారు చూసి మందులు వ్రాశారు. బయట మందుల చీటీ వివరించే సిస్టర్, "లైట్ ఫుడ్ పెట్టమ్మా" అని ఒక్క మాట చెప్పి పంపించింది. ఆ రోజు ఓ.పి. రద్దీగా ఉంది. నాలుగో రోజు తెల్లవారుజామున అదే పెద్దావిడను ఆటోలో తెచ్చారు. ఒళ్ళంతా చల్లని చెమటలు, పిలిస్తే మాట తడబడుతోంది. రక్తంలో చక్కెర 48 ఉంది. వెంటనే గ్లూకోజు ఎక్కించాము. దేవుని దయవలన గంటలో తెప్పరిల్లారు.

మూడు రోజులుగా ఏం పెట్టారని కోడలిని అడిగితే, పూటకు రెండు బ్రెడ్డు ముక్కలు, పంచదార లేని టీ అంది. షుగరు బిళ్ళలు మాత్రం ఒక్క పూట కూడా మానలేదు. "మీరు చెప్పినట్టే చేశాను సిస్టర్" అని ఏడ్చింది. ఆమె తప్పు ఏమీ లేదు. తేలికపాటి ఆహారం అంటే ఏమిటో, ఎంత పెట్టాలో మేము చెప్పలేదు. అప్పటినుండి జలుబు జ్వరంతో వచ్చేవారి ఇంటివాళ్ళకు సూపు కాచే విధానం కూర్చోబెట్టి చెబుతున్నాము. ఆ మాటలే ఇక్కడ వ్రాస్తున్నాము.

జ్వరంలో పస్తు ఎందుకు వద్దు?

"లంఖణం పరమౌషధం" అనే మాట మన ఇళ్ళలో గట్టిగా పాతుకుపోయింది. అజీర్తి చేసినప్పుడు ఒక పూట కడుపు ఖాళీగా ఉంచితే హాయిగా ఉండవచ్చు గాని, జ్వరంలో అలా కాదు. ఒళ్ళు కాలుతున్నప్పుడు శరీరం మామూలుకంటే ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. చెమటతో, వేగంగా పీల్చే ఊపిరితో నీరు పోతుంది. ఇటు నోరు చేదుగా ఉండి ముద్ద దిగదు. ఖర్చు పెరిగి రాబడి తగ్గిన ఇల్లు ఎలా ఉంటుందో ఆ ఒళ్ళూ అలాగే ఉంటుంది. పెద్దవాళ్ళకు, షుగరు ఉన్నవాళ్ళకు, పసిపిల్లలకు, గర్భిణీలకు ఇది ప్రమాదం.

సూపులో నీరు ఉంది, కొంచెం ఉప్పు ఉంది, మాంసం ఉంది, వేడి ఉంది. నమలలేనివారు కూడా చెంచాతో తాగగలరు. మేము సూపు చెప్పేది ఇందుకే.

ఇది మందా అని అడుగుతారు. మందు కాదు. ఫ్లూ వైరస్‌ను సూపు చంపదు. 1978లో అమెరికాలోని మయామీలో పదిహేనుమంది ఆరోగ్యవంతుల మీద పరీక్షించి చూశారు. వేడి కోడి సూపు తాగాక ముక్కులోని చీమిడి త్వరగా కదిలింది. ఒట్టి వేడినీళ్ళతో కూడా కదిలింది గాని సూపుతో కాస్త ఎక్కువ. అరగంటకల్లా మళ్ళీ మామూలే. 2000 సంవత్సరంలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ స్టీఫెన్ రెన్నార్డ్, తన భార్య కుటుంబంలో పెద్దల నాటినుండి వస్తున్న సూపును ప్రయోగశాలలో పరీక్షించారు. వాపును కలిగించే తెల్లకణాల కదలికను అది కొంత నెమ్మదింపజేసిందని 'చెస్ట్' అనే వైద్య పత్రికలో ప్రచురించారు. అది గాజుపాత్రలో చేసిన పరీక్షే గాని రోగుల మీద చేసినది కాదు. కాబట్టి సూపు తాగితే జ్వరం పోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. తాగినవారికి ముక్కు కాస్త తెరుచుకుని గొంతుకు హాయిగా ఉంటుంది, ఒంట్లోకి ఆహారం వెళుతుంది. మాకు అది చాలు.

కాచే విధానం

అర కిలో కోడి మాంసం తీసుకోండి. బోన్‌లెస్ వద్దు, ఎముకతో ఉన్న ముక్కలే కావాలి. మెడ, వీపు, రెక్కలు, ఒక కాలు వేయించుకోండి, చర్మం తీయించండి. ఆదివారం కూరకు కోడి తెచ్చే ఇళ్ళలో ఈ ముక్కలు పక్కన పెట్టుకుంటే వేరే ఖర్చు కూడా ఉండదు. నాటుకోడి అయితేనే పనిచేస్తుందని అప్పుచేసి కొన్నవారిని మేము చూశాము. రుచి నాటుకోడిదే, కాదనము. కాని రోగికి కావలసిన మాంసకృత్తులు బ్రాయిలర్ కోడిలో కూడా ఉంటాయి.

ముక్కలను కుళాయి కింద పెట్టి నీళ్ళు చిందేలా కడగవద్దు. పచ్చిమాంసం నీళ్ళు పక్కనున్న గిన్నెల మీద, కోసిన కూరల మీద పడతాయి. ఒక గిన్నెలో నెమ్మదిగా కడిగి, ఆ నీళ్ళు పారబోసి, చేతులు, కత్తి, పీట సబ్బుతో కడుక్కోండి.

మందపాటి గిన్నెలో ముక్కలు వేసి ఆరు గ్లాసుల చన్నీళ్ళు పోయండి. సన్నని మంట మీద పెట్టండి. కాసేపటికి పైకి బూడిదరంగు తెట్టె వస్తుంది, దాన్ని గరిటెతో తీసేయండి. తరువాత ఒక ఉల్లిపాయ నాలుగు చెక్కలుగా, ఒక క్యారెట్టు, అంగుళం అల్లం దంచి, ఐదారు వెల్లుల్లి రెబ్బలు, పది మిరియాలు కచ్చాపచ్చాగా, అర చెంచా జీలకర్ర, చిటికెడు పసుపు, కొత్తిమీర కాడలు వేయండి. కొత్తిమీర ఆకు చివరికి ఉంచండి. కారం, గరం మసాలా, నూనె వద్దు. మండే గొంతులో కారం పడితే దగ్గు తెర ఆగదు. మూతపెట్టి బ్రాయిలర్ అయితే ముప్పావు గంట నుండి గంట, నాటుకోడి అయితే గంటన్నర పైన ఉడకనివ్వండి. గలగల మరగకూడదు, బుడగలు నెమ్మదిగా వస్తే చాలు. గ్యాసు పొదుపు చేయాలంటే తెట్టె తీశాక కుక్కరులో పెట్టండి. బ్రాయిలర్‌కు నాలుగు విజిల్స్, నాటుకోడికి ఎనిమిది వరకు.

దించి, జల్లెడ గిన్నెలో వడకట్టండి. ఈ మెట్టు మానవద్దు. మెడ ముక్కల్లో సన్నని ఎముకలుంటాయి, దగ్గుతున్న మనిషి గొంతులో అవి అడ్డం పడతాయి. పైన తేలిన నూనె చెంచాతో తీసేయండి. ముక్కల నుండి మాంసం వేళ్ళతో పీచులుగా విడదీసి, ఎముక లేదని తడిమి చూసుకుని, మళ్ళీ రసంలో వేయండి.

ఇక్కడ ఒక మాట. "సారమంతా నీళ్ళలోకి దిగిపోయింది, ముక్కలు పిప్పి" అని రసం మాత్రం రోగికి పోసి, మాంసం పిల్లలకు పెట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి. అది సరికాదు. రసంలోకి రుచి, ఉప్పు, కొంత జిగురు దిగుతాయి. బలమిచ్చే మాంసకృత్తులు చాలావరకు ముక్కలోనే ఉంటాయి. వంద గ్రాముల ఉడికిన మాంసంలో సుమారు 25 గ్రాములు ఉంటాయి. రోగికి మాంసం కూడా వెళ్ళాలి, నమలలేకపోతే మిక్సీలో మెత్తగా తిప్పి కలపండి.

పిల్లలు నూడుల్స్ సూపు కావాలని మారాం చేస్తే గోధుమ సేమియా వేయండి. ఒక గిన్నెడు సూపుకు చిన్న పిడికెడు. దాన్ని విడిగా నీళ్ళలో ఉడికించి, వార్చి, తినబోయే ముందు కలపండి. కుండలోనే వేస్తే సాయంత్రానికి రసమంతా పీల్చుకుని ముద్దవుతుంది. ప్యాకెట్టు నూడుల్స్‌తో వచ్చే మసాలా పొట్లం, సూపు పొడులు, ఘనాలు వాడవద్దు. వాటిలో ఉప్పు చాలా ఎక్కువ. సేమియా బదులు మెత్తగా ఉడికిన అన్నం కలిపినా మంచిదే. దించాక అర చెంచా ఉప్పు, కొత్తిమీర ఆకు, నాలుగు చుక్కల నిమ్మరసం. దీనితో నాలుగు గిన్నెలవుతాయి. రోగికి ఒక్కసారే గిన్నెడు పోసి తాగమనవద్దు. రెండేసి గంటలకు అర గిన్నె చొప్పున ఇవ్వండి, మధ్యలో మంచినీళ్ళు, మజ్జిగ, ఇడ్లీ, జావ ఏది తినగలిగితే అది.

మాంసం తినని కుటుంబాలవారు పెసరపప్పు మెత్తగా ఉడికించి ఇవే దినుసులతో కాచుకోవచ్చు. పప్పు తేట మాత్రమే కాక పప్పు కూడా మెదిపి ఇవ్వండి.

ఎవరికి ఎలా

రక్తపోటు ఉన్నవారు రోజు మొత్తానికి ఒక చెంచా ఉప్పు మించకూడదు, సూపులోది కూడా ఆ లెక్కలోనే. గుండె, మూత్రపిండాల జబ్బుకు నీళ్ళు కొలిచి తాగమని డాక్టరు చెప్పినవారు సూపును నీళ్ళకింద లెక్కపెట్టుకోవాలి. షుగరు ఉన్నవారు సేమియా వేసుకుంటే ఆ పూట అన్నం తగ్గించుకోవాలి. కాని, ఒట్టి రసం తాగి బిళ్ళ వేసుకోవద్దు, ఇన్సులిన్ తీసుకోవద్దు. తిండి తగ్గితే మందు మోతాదు ఎంతో ఆ రోజే ఫోన్ చేసి అడగండి. మా పెద్దావిడ విషయంలో జరిగింది ఇదే.

ఆరు నెలలు నిండని బిడ్డకు తల్లిపాలే, సూపు చుక్క కూడా వద్దు. ఆరు నెలలు దాటినవారికి ఉప్పు, మిరియాలు వేయకముందే కొంచెం తీసి, మాంసం మెత్తగా మెదిపి పెట్టండి. ఏడాది లోపు బిడ్డకు దగ్గుకని తేనె నాకించవద్దు. మగతగా ఉన్న మనిషిని పడుకోబెట్టి నోట్లో పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కూర్చోబెట్టి, మింగాడని చూసి, మరో చెంచా.

మిగిలిన సూపును రాత్రంతా పొయ్యి మీద వదిలి పొద్దున మరగబెట్టి ఇవ్వడం మానండి. కొన్ని క్రిములు విడిచిన విషం మరిగినా పోదు. రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో, బాగా మరగకాచి వాడండి. కరెంటు పోయి వచ్చే ఊళ్ళలో ఏ రోజుది ఆ రోజే కాచుకోవడం మేలు.

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చాలామంది కోడి మానేశారు. 70 డిగ్రీల పైన లోపలిదాకా ఉడికితే ఆ వైరస్ చస్తుంది, మరిగిన సూపు అంతకంటే వేడి. ప్రమాదం పచ్చిమాంసంతోనూ, జబ్బుపడిన లేదా చచ్చిన కోళ్ళతోనూ. జబ్బు కోడిని కోయవద్దు, ముట్టవద్దు. కోసేటప్పుడు పచ్చిముక్క పిల్లల చేతికి, నోటికి అందనివ్వవద్దు.

సూపు పక్కనపెట్టి బయలుదేరవలసినప్పుడు

మన దేశంలో ఫ్లూ ముఖ్యంగా రెండు కాలాల్లో ఎక్కువ: జనవరి నుండి మార్చి వరకు ఒకసారి, వానాకాలం చివర ఇంకోసారి. వానల్లో డెంగీ, మలేరియా, టైఫాయిడ్ కూడా ఉంటాయి. ముక్కు కారడం, దగ్గు లేకుండా జ్వరం మాత్రమే కాస్తుంటే ఇంట్లో సూపుతో ఎదురుచూడవద్దు, రక్తపరీక్షకు రండి. పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి బిళ్ళలు సొంతంగా వేసుకోవద్దు. పిల్లలకు ఆస్పిరిన్ అసలే వద్దు. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ రెండు రోజులు వాడి ఆపేసేవారు మా దగ్గరకు వారానికి ఎంతమందో వస్తారు. వైరస్ మీద అది పనిచేయదు, డబ్బు దండగ, పైగా రేపు నిజంగా అవసరమైనప్పుడు మందు పట్టదు.

పిల్లల ఊపిరి లెక్కపెట్టడం ప్రతి తల్లి నేర్చుకోవాలి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం పొట్ట లేచే లెక్క చూడండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ళ లోపు 40, లేదా అంతకు మించి ఉంటే, పక్కలు ఎగరేస్తుంటే, పాలు తాగకపోతే అది న్యుమోనియా కావచ్చు, రాత్రయినా తీసుకురండి. పెద్దవారిలో ఆయాసం, ఛాతీనొప్పి, మాట తడబాటు, పెదవులు నీలంగా మారడం, కఫంలో రక్తం, మూత్రం బాగా తగ్గిపోవడం, తగ్గిన జ్వరం మళ్ళీ తిరగబెట్టడం చూడండి. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి.

గర్భిణీలు, 65 దాటినవారు, ఐదేళ్ళ లోపు పిల్లలు, షుగరు, ఉబ్బసం, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం ఈ లక్షణాల కోసం ఆగవద్దు. ఫ్లూ మందు జ్వరం మొదలైన 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. వీరు ప్రతి సంవత్సరం ఫ్లూ టీకా వేయించుకోవడం గురించి కూడా డాక్టరుగారిని అడగండి.

వచ్చేటప్పుడు వాడుతున్న బిళ్ళల అట్టలు అన్నీ సంచిలో వేసుకురండి. నిన్నటినుండి ఏం తిన్నారు, ఎంత తిన్నారు అని మేము తప్పక అడుగుతాము, కొంచెం గుర్తుపెట్టుకోండి. ఫ్లాస్కులో సూపు తెచ్చుకున్నా మంచిదే, కాని వార్డులో సిస్టర్‌ను అడిగాకే పట్టండి.