‘అట’ వెనుక ఎవరున్నారు? – వార్తను పరిశీలించే పాఠం



చిల్పూర్‌లో గానీ, స్టేషన్ ఘన్‌పూర్‌లో గానీ చాయ్ హోటల్‌లో పది నిమిషాలు కూర్చుంటే కొత్త టెక్నాలజీ మీద నాలుగు అభిప్రాయాలు చెవిన పడతాయి. “టవర్ల తోనే రోగాలొస్తున్నయట.” “ఆ టీకాల ఏదో కలిపిండ్రట.” “ఇగ ఏఐ వచ్చినంక సదువులతో పని లేదట.” ఇలా మాట్లాడేవారు చెడ్డవారు కారు, తెలివి లేనివారూ కారు. కానీ ప్రతి మాట చివరా ఉన్న ‘అట’ను గమనించండి. అది విన్న మాట అని చెబుతుంది, ఎవరి దగ్గర విన్నదో చెప్పదు. ఈ పాఠం ఆ చిన్న మాట గురించే.

మన దగ్గరే ఉన్న పద్ధతి

వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కాకపోతే, విచారించకుండా దాని మీద నడుచుకోవద్దని దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరా 6వ ఆయతు మనల్ని హెచ్చరిస్తుంది. తెలియక అమాయకులకు హాని చేసి తర్వాత బాధపడాల్సి వస్తుందన్నది అందుకు చెప్పిన కారణం.

ఈ బోధను హదీసు విద్వాంసులు ఒక శాస్త్రంగా పెంచారు. హదీసుకు రెండు భాగాలుంటాయి. ఎవరి నుంచి ఎవరు విన్నారో తెలిపే వరుస సనద్. చెప్పిన విషయం మతన్. విషయం ఎంత అందంగా ఉన్నా, సనద్‌లో ఒక్క పేరు తప్పిపోయినా విద్వాంసులు ఆగిపోయేవారు. ఆ వ్యక్తి ఎవరు, జ్ఞాపకశక్తి ఎలాంటిది, తాను పేరు చెప్పిన గురువును నిజంగా కలిశాడా అని ఆరా తీసేవారు. క్రీ.శ. 870లో మరణించిన ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి) జీవితమంతా ఈ పనికే వెచ్చించారు.

ఇప్పుడు మన ఫోన్ చూడండి. వాట్సాప్‌లో కొన్ని మెసేజ్‌ల మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తుంది. అది కనీసం ఐదు చేతులు మారి మన దాకా వచ్చిందని ఆ గుర్తుకు అర్థం. ఆ ఐదుగురి పేర్లు మాత్రం ఉండవు. అంటే వరుస పొడవు తెలుస్తుంది, వరుసలో ఎవరున్నారో తెలియదు. పంపింది మన బావమరిదే కావచ్చు. ఆయన మంచితనం ఆయనకు ముందున్న నలుగురికీ పూచీ కాదు.

మూడు ఉదాహరణలు

మొదటిది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలంగాణ అంతటా మెసేజ్‌లు పాకాయి. రంజాన్ నెలలో దానం అడగడానికి హైదరాబాద్ వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని చాంద్రాయణగుట్టలో గుంపు కొట్టి చంపింది. సదఖా కోసం చాచిన చేతిని పుకారు దొంగ చేతిగా చూపించింది. ఆ రోజుల్లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి, పాటలతో, ముఖాముఖి మాటలతో జనానికి నిజం చెప్పించారు. అదే ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది.

రెండవది టీకా సంగతి. 2020 డిసెంబరులో కరోనా టీకాల్లో పంది జిలాటిన్ ఉందన్న మాట మన ఇళ్లలో తిరిగింది. ఫైజర్, మోడెర్నా, ఆస్ట్రాజెనికా తమ టీకాల్లో అది లేదని చెప్పాయి. ఒకవేళ ఉన్నా, ప్రాణరక్షణ కోసం టీకా వేసుకోవచ్చని యూఏఈ ఫత్వా కౌన్సిల్ ప్రకటించింది. ఆరు నెలలు తిరగకుండానే, 2021 జూన్‌లో, హైదరాబాద్‌లో తయారైన కొవాగ్జిన్‌లో దూడ సీరం ఉందన్న మాట లేచింది. మనకు పంది పేరుతో, పక్కింటివారికి దూడ పేరుతో వచ్చిన భయం ఒక్కటే. ఇక్కడ ఒక సగం నిజం ఉంది. వైరస్‌ను పెంచడానికి వాడే వీరో కణాలను ముందుగా పెంచేటప్పుడు దూడ సీరం వాడతారు. తర్వాత ఆ కణాలను పలుమార్లు కడుగుతారు. వాటిలో వైరస్‌ను పెంచి, చంపి, శుద్ధి చేస్తారు. చివరి టీకాలో సీరం ఉండదని కేంద్ర ఆరోగ్య శాఖ వివరించింది. పూర్తి అబద్ధం కంటే సగం నిజం ఎక్కువ దూరం పోతుంది.

మూడవది. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరొక మహిళ వీడియోకు అతికించి వదిలారు. చూసినవారు నిజమే అనుకున్నారు. “నా కళ్లతో చూసిన” అన్న మాటకు కూడా ఇక సనద్ అడగాల్సిన కాలం వచ్చింది. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి “డిజిటల్ అరెస్ట్” అని బెదిరించేవారూ ఇదే అదనుగా బతుకుతున్నారు. అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

నాలుగు ప్రశ్నలు

1. మొదట చెప్పిందెవరు? “శాస్త్రవేత్తలు తేల్చారు” అంటే చాలదు. పేరు, సంస్థ, తేదీ కావాలి.
2. ఆ సంగతి ఆయనకు తెలిసే వీలుందా? పేరు ముందు డాక్టర్ అని ఉన్నంత మాత్రాన అన్ని విషయాలూ తెలియవు.
3. మరొకరు విడిగా పరిశీలించి అదే చెప్పారా? ఒకే వార్తను పది చానళ్లు చదివితే అది పది సాక్ష్యాలు కాదు, ఒక్కటే.
4. మాట పూర్తిగా ఉందా, మధ్యలో తెంచారా?

అన్నిటినీ అబద్ధమని కొట్టేయడం కూడా పరిశీలన కాదు. హదీసు విద్వాంసులు విన్నదంతా నమ్మలేదు, విన్నదంతా పారేయనూ లేదు. సహీహ్, హసన్, జయీఫ్ అని బలాన్ని బట్టి వేరు చేశారు. శాస్త్రం కూడా అంతే. నిన్న చెప్పినదాన్ని కొత్త ఆధారంతో నేడు సరిదిద్దుకోవడం దాని బలమే. తేలని విషయాన్ని “ఇంకా తేలలేదు” అనడానికి మనం సిగ్గుపడనక్కర్లేదు.

దాతలకు ఒక విన్నపం

రంజాన్ వస్తే జబ్బు పిల్లల ఫొటోలు, క్యూఆర్ కోడ్‌లు మన ఫోన్లలో నిండుతాయి. వాటిలో నిజమైనవీ ఉంటాయి, దొంగవీ ఉంటాయి. జకాత్ ఎవరికి చెందాలో అత్తౌబా సూరా 60వ ఆయతు ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. కాబట్టి ఏ ఆసుపత్రి, ఏ వార్డు అని అడగడం పిసినారితనం కాదు. హక్కుదారు సొమ్ము దొంగ చేతికి పోకుండా కాయడం.

మీ దానంతో మన పిల్లలకు ఫీజులు, పుస్తకాలు అందుతున్నాయి. అదే పిల్లలకు నెలకు ఒక్క గంట, ఒక వార్తను తీసుకుని దాని మొదలు దాకా వెతికే తరగతి పెట్టించండి. దానికి ఒక ఫోన్, ఒక నల్లబల్ల, ఓపిక ఉన్న ఒక టీచర్ చాలు. ఆ పిల్లలే రేపు ఇంట్లో టీకా గురించి తల్లికి, బ్యాంకు ఫోన్ గురించి నానమ్మకు చెప్పేవారవుతారు.

అభ్యాసం: ఈ వారం మీ ఫోన్‌కు వచ్చిన రెండు బాణాల మెసేజ్ ఒకటి తీసుకోండి. పంపినవారిని మర్యాదగా అడగండి: “భాయ్, ఇది మీకు ఎవరు పంపారు?” ఆయన చెప్పిన వ్యక్తినీ అడగండి. ఎన్నో పేరు దగ్గర వరుస తెగిందో రాసుకుని, ఇంట్లో పిల్లలకు చూపించండి.