ఉమ్మడి సొమ్ము – సొంత అలవాటు

ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం ఉచితం అంటారు. నిజానికి ఆ ఖర్చు ప్రజలు కట్టే పన్నుల నుండి వస్తుంది. సబ్బుబిళ్ల కొన్న కూలీ కూడా అందులో తన వంతు చెల్లించినవాడే. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం అర్హతగల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. అదీ ఉమ్మడి సొమ్మే.

పొగాకు వల్ల నోటి క్యాన్సరు, ఊపిరితిత్తుల క్యాన్సరు, గుండెజబ్బు వస్తాయి. "ఖర్చు అందరిదైనప్పుడు, జబ్బు తెచ్చే అలవాటును అదుపు చేసే హక్కు ప్రభుత్వానికి ఉండదా?" అని కొందరు అడుగుతారు.

ఈ వాదంలో బలం ఉంది, ప్రమాదమూ ఉంది. ఖర్చు ఒక్కటే కారణమైతే అదుపు పొగాకుతో ఆగదు. మిఠాయిలు ఎక్కువగా తినేవారిని, నడక మానినవారిని, చివరకు చెట్టు మీదినుండి పడిన కల్లుగీత కార్మికుని కూడా తప్పుపట్టవచ్చు.

2003లో చేసిన కేంద్ర చట్టం వేరే దారి పట్టింది. బహిరంగ స్థలాలలో పొగతాగడాన్ని నిషేధించింది. ఎందుకంటే ఆ పొగ పక్కవారి ఊపిరిలోకి పోతుంది. 18 ఏండ్లలోపు వారికి, విద్యాసంస్థలకు 100 గజాల లోపల పొగాకు అమ్మరాదన్నది. ఎందుకంటే పిల్లలకు మంచిచెడులు తూచే వయసు రాలేదు. పెట్టెలపై హెచ్చరిక ఉండాలన్నది. ఎందుకంటే కొనేవారికి నిజం తెలియాలి. తన ఇంటిలో పొగతాగే పెద్దవానిని మాత్రం అది శిక్షించదు.

అలవాటుకు బాధ్యత ఒక్క వ్యక్తిదే కాదు. వర్జీనియా పొగాకు సాగును క్రమబద్ధం చేసి, ఎగుమతులను ప్రోత్సహించే పొగాకు బోర్డు 1976లో ఏర్పడింది. గుంటూరు కేంద్రంగా పనిచేసే ఆ బోర్డు ప్రభుత్వ సంస్థే. పొగాకుపై పన్ను వసూలు చేసేదీ ప్రభుత్వమే.

ఉత్తర కోస్తాలో కొందరు స్త్రీలు చుట్టను వెలిగించిన కొస నోటిలోపల ఉంచి కాలుస్తారు. దీనిని అడ్డపొగ అంటారు. దీనివల్ల అంగిలికి క్యాన్సరు వస్తుంది. అటువంటి స్త్రీ ఆసుపత్రికి వస్తే, "నీవు తెచ్చుకున్న జబ్బే" అని పంపివేయడం న్యాయమా? జబ్బు రాకముందే ఆమె వాకిటికి వెళ్లి చెప్పడం కదా చేయవలసిన పని!

ఉమ్మడి సొమ్ము ప్రభుత్వానికి ముందుగా హెచ్చరించే బాధ్యతను ఇస్తుంది. వైద్యం నిరాకరించే అధికారాన్ని ఇవ్వదు.

ఆలోచించండి – చెప్పండి

1. 2003 చట్టం ఏ కారణాలతో నిషేధాలు విధించింది?
2. పొగాకు పండించే రైతు, కొనేవాడు, పన్ను తీసుకొనే ప్రభుత్వం – వీరిలో ఎవరి బాధ్యత ఎంత? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.